వాగు మీది దుంగ

నిజామాబాద్ జిల్లాలో వాగొడ్డున ఒక ఊరు. ఇళ్లన్నీ ఈ ఒడ్డున, బడీ బస్సు రోడ్డూ ఆ ఒడ్డున. మధ్యలో వాగు మీద రెండు తాటి దుంగలు జంటగా పరిచి ఉంటాయి. ఎవరు వేశారో ఇప్పుడెవరికీ గుర్తులేదు. పది అంగలు వేస్తే అవతల ఉంటాం. పొద్దున లేస్తే పాల క్యాన్లు, కూరగాయల గంపలు, బడి సంచులు అన్నీ దాని మీదుగానే పోతాయి.

ఆ ఊళ్లో పద్నాలుగేళ్ల పిల్ల ఒకతి బాక్సింగ్ నేర్చుకుంటోంది. వాళ్ల తాత ఒకప్పుడు తాలీంలో కుస్తీ పట్టిన మనిషి. మోకాళ్లు అరిగాక కుస్తీ మానేశాడు గానీ ఆటల మీద మమకారం పోలేదు. పేపర్లో ఆటల వార్తలు కత్తిరించి, పాత లెక్కల పుస్తకంలో మైదా జిగురుతో అతికించుకుంటాడు. పిల్ల పడుకునే చోట గోడకు బాక్సర్ నిఖత్ జరీన్ బొమ్మ అంటించింది కూడా ఆయనే.

ఒక సాయంత్రం పిల్ల పోటీల నుంచి తిరిగొచ్చింది. వచ్చీ రాగానే ఇంట్లోకి రాకుండా బర్రెల కొట్టంలోకి పోయింది. కాసేపటికి ఉత్త చేతులతో బయటికొచ్చి అరుగు మీద కూలబడింది.

“ఏమైంది బిడ్డా?”

“ఏం కాలే.”

“పతకం వచ్చిందన్నరు గదా. ఏది?”

“గడ్డి కింద పడేసిన.”

తాత ఏమీ అనలేదు. పిల్లే బద్దలైంది.

“నేను ఓడిపోలే తాతా, ఓడగొట్టిన్రు. మూడు రౌండ్లు నేనే కొట్టిన. అందరూ సూసిన్రు. చెయ్యి మాత్రం ఆ పిల్లది లేపిన్రు. గసొంటి పతకం నాకెందుకు? ఇగ నేను గ్లోవ్స్ ముట్ట.”

ఆటలో గెలుపోటములు మామూలే అని తాత అనలేదు. అన్యాయం జరిగిందని మండుతున్నవాళ్లకు ఆ మాట పుండు మీద కారం చల్లినట్టే ఉంటుందని ఆయనకు తెలుసు. లోపలికి పోయి లెక్కల పుస్తకం తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఒక పేజీ దగ్గర ఆగాడు.

“అచ్చం నీ లెక్కనే ఏడ్చిన తల్లి ఒకామె ఉన్నది. ఆమె కథ ఇను. ఇన్నంక కూడా గ్లోవ్స్ వద్దంటే, నేనే వాటిని తీస్కపోయి వాగుల ఏసొస్త.”

తాత చెప్పిన కథ ఇది.

మణిపుర్‌లో తౌబాల్ ఖునౌ అనే ఊళ్లో ఒక రైతు కుటుంబం ఉండేది. ఎనిమిది మంది పిల్లలు. ఆరో సంతానం లైష్రామ్ సరితా దేవి. పొలం పనికి పోవడం, వంటచెరుకు ఏరుకు రావడం ఆమె చిన్ననాటి పనులు. కట్టెల మోపు మోసిన ఆ భుజాలే 2000 ప్రాంతంలో బాక్సింగ్ వైపు తిరిగాయి. ఆడపిల్లలు ముష్టియుద్ధమేమిటని ముక్కున వేలేసుకునే రోజులు. ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్ అప్పటికి లేనే లేదు.

2006లో ప్రపంచ మహిళా బాక్సింగ్ పోటీలు న్యూఢిల్లీలో జరిగాయి. సరిత 52 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచింది. ఆసియా పోటీల్లో ఒకటి తర్వాత ఒకటిగా ఐదు స్వర్ణాలు ఆమెవే. మణిపుర్ పోలీసు శాఖలో ఉద్యోగం వచ్చింది. 2009లో అర్జున అవార్డు వచ్చింది. ఇంత చేసినా ఒక తలుపు మాత్రం తెరుచుకోలేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళలకు తొలిసారి చోటు దొరికింది గానీ మూడే మూడు బరువులు పెట్టారు: 51, 60, 75 కిలోలు. సరిత 60 కిలోలకు మారింది. బరువు పెరిగితే సరిపోదు, ఎదురుగా నిలబడేవాళ్ల ఎత్తూ మారుతుంది, దెబ్బ బలమూ మారుతుంది. మారిన ఒంటితో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. లండన్ దక్కలేదు.

ఆ తర్వాత ఆమె తల్లయింది. బిడ్డ పుట్టాక చాలామంది ఆట చాలించుకుంటారు. సరిత తిరిగొచ్చింది. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం గెలిచింది. పసివాణ్ని ఇంట్లో వదిలి శిబిరాల్లో గడిపిన నెలల విలువ ఆ వెండిలో ఉంది.

అదే ఏడాది సెప్టెంబరు 30. దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో ఆసియా క్రీడలు. 60 కిలోల సెమీఫైనల్‌లో సరితకు ఎదురుగా ఆతిథ్య దేశపు బాక్సర్ పార్క్ జినా. సరిత గుద్దులు పార్క్ మీద పడుతుంటే గెలుపు సరితదేనని చూస్తున్నవాళ్లలో చాలామంది అనుకున్నారు. గంట మోగింది. ముగ్గురు న్యాయనిర్ణేతలూ పార్క్ వైపే మొగ్గారు. 0-3.

ఇక్కడ పిల్ల తలెత్తింది. “ముగ్గురూనా?”

“ముగ్గురూ, బిడ్డా.”

సరిత తరఫున ఫిర్యాదు పెట్టారు. న్యాయనిర్ణేతల తీర్పు మీద ఫిర్యాదు చెల్లదన్నారు. మర్నాడు, అక్టోబరు 1న, పతకాలు పంచారు. సరిత పోడియం ఎక్కింది. కన్నీళ్లు ఆగలేదు. కాంస్యాన్ని మెడలో వేయించుకోలేదు, చేత్తో అందుకుంది. దిగి, రజతం గెలిచి నిలబడ్డ పార్క్ దగ్గరికి పోయి, ఆ పతకాన్ని ఆమె మెడలో వేసింది. వద్దని పార్క్ తిరిగి ఇవ్వబోయింది. చివరికి ఆ కంచు పోడియం మీదే మిగిలిపోయింది.

“మంచిగ జేసింది!” అంది పిల్ల.

తాత పుస్తకం మూసి, వేలు మాత్రం పేజీలోనే ఉంచాడు. “నువ్వు గట్లనే అంటవని నాకు ఎరికే. నేనూ ఆ రోజు గట్లనే అన్న. తర్వాత ఆలోచిస్తే ఒక ముల్లు కుచ్చుకున్నది. మార్కులు ఏసింది జడ్జీలు. ఆ కొరియా పిల్ల మార్కులు ఏసుకోలే గదా? ఆమె కూడా చెమటోడ్చిన పిల్లనే. కోపానికి కారణం ఉన్నది. కోపం పోయి తాకింది మాత్రం వేరేవాళ్లకు.”

పిల్ల మాట్లాడలేదు. తన చేతిలో ఓడిపోయి గెలిచిన ఆ అవతలి పిల్ల కళ్లముందు మెదిలిందేమో, కాలి బొటనవేలితో నేల గీస్తూ కూర్చుంది.

కథ సాగింది.

సరిత క్షమాపణ చెప్పింది. అయినా అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం ఆమెను ఏడాది పాటు నిషేధించింది. 1,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. సచిన్ టెండూల్కర్ లాంటివాళ్లు ఆమె తరఫున క్రీడామంత్రి దగ్గర మాట్లాడారు. అభిమానం దేశమంతటి నుంచీ వచ్చింది, కానీ రింగ్ తలుపు మాత్రం 2015 అక్టోబరు దాకా మూసే ఉంది. బాక్సర్‌కు ఏడాదంటే మామూలు మనిషి ఏడాది లాంటిది కాదు. కాళ్లలో వేగం ఎవరి తీర్పు కోసమూ ఆగదు.

పైగా అది భారత బాక్సింగ్‌కు ఇల్లూ వాకిలీ లేని కాలం. 2012 డిసెంబరులో జాతీయ సమాఖ్య సస్పెన్షన్‌లో పడింది. దాని చోట వచ్చిన సంఘం నిలబడలేదు. మళ్లీ గట్టి సమాఖ్య ఏర్పడింది 2016 సెప్టెంబరులోనే. నిషేధం ముగించుకుని సరిత రియో ఒలింపిక్స్ అర్హత కోసం తలపడింది. అదీ చేజారింది. లండన్ పోయింది, ఇంచియాన్ పోయింది, రియో పోయింది. ముప్పై దాటిన వయసు. చేతిలో బిడ్డ.

అప్పుడు ఆమె ప్రొఫెషనల్ బాక్సింగ్ వైపు అడుగేసింది. ఆ రింగ్‌లోకి దిగిన తొలి భారతీయ మహిళా బాక్సర్లలో ఆమె ఒకరు.

“అంటే ఏంది తాతా? అదీ బాక్సింగే గదా?”

“బాక్సింగే. బాట వేరు. మీ ఆటల ఆడోళ్లు తలకు హెడ్‌గార్డ్ పెట్టుకుంటరు. ఆడ అది ఉండదు, గ్లోవ్స్ కూడా పల్చగుంటయి. దెబ్బ తగిలితే సీదా తగుల్తది. పతకాలుండవు. గెలిచినోళ్ల చెయ్యి లేస్తది, పారితోషికం ఇస్తరు, పేరు పక్కన ఒక అంకె పెరుగుతది. గంతే.”

2017 జనవరి 29. ఇంఫాల్‌లో ఖుమన్ లంపాక్ స్టేడియం. సరిత పుట్టిన నేలకు దగ్గర్లోనే, ఆమె భాష మాట్లాడే జనం మధ్య. ఎదురుగా హంగరీ బాక్సర్ జోఫియా బేడో. ప్రొఫెషనల్ రింగ్‌లో ఆమె పాత కాపు, డజన్ల కొద్దీ బౌట్లు ఆడిన మనిషి. సరితకు అది మొదటిది. వేరే నిబంధనలు, కొత్త గ్లోవ్స్, తలకు కాపు లేదు. రౌండ్లు ముగిశాయి. ముగ్గురు న్యాయనిర్ణేతలూ ఒకే పేరు చెప్పారు. ఈసారి ఆ పేరు సరితది. 3-0.

తాత ఇక్కడ ఆగి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒక కటింగులో పోడియం మీద ఏడుస్తున్న ముఖం. ఇంకో కటింగులో పైకి లేచిన చెయ్యి. “సూడు. గక్కడ సున్నా-మూడు. ఇక్కడ మూడు-సున్నా. అంకెలు అవే. కూసున్న వైపు మారింది.”

పిల్ల కళ్లు మెరిశాయి. “అయితే అట్లనే కొట్టుకుంట పోయింది గదా? ప్రపంచ బెల్టు గెలిచిందా?”

“లేదు. ఏడాది కూడా తిరగకముందే ఆ రింగ్ ఇడిచిపెట్టి వచ్చేసింది.”

పిల్ల ముఖం వాడిపోయింది. “గంతేనా? గెలిచి కూడా ఇడిచిపెట్టిందా? మరి అదేం లెక్క తాతా! అంత కష్టపడి పోయి, ఉండకుంట వచ్చుడేంది?”

తాత జవాబు చెప్పలేదు. చేతికర్ర తీసుకుని లేచాడు. “నడువు, వాగు దాక పోయొద్దాం.”

పొద్దు గూకుతోంది. దుంగల కింద నీళ్లు పలచగా పారుతున్నాయి. తాత పిల్లను దుంగ ఎక్కమన్నాడు. పది అంగల్లో అవతలికి పోయింది. మళ్లీ రమ్మన్నాడు. వచ్చింది.

“ఎంతసేపు పట్టింది?”

“నిమిషం కూడా పట్టలే.”

“నువ్వు రోజూ బడికి పోతవు. పొద్దంతా బడిల ఉంటవు, రాత్రంతా ఇంట్ల ఉంటవు. ఈ దుంగ మీద ఉండేది మాత్రం నిమిషం. మరి ఈ దుంగ దండగనా?”

“ఇది లేకుంటే బడికెట్ల పోత తాతా? చుట్టు తిరిగి పోవాలంటే పొద్దెక్కుతది.”

“మరి ఇంత మంచి దుంగ గదా, దీని మీదనే ఇల్లు కట్టుకోరాదు?”

పిల్ల నవ్వింది. ఆ రోజు మొత్తంలో అదే మొదటి నవ్వు. నవ్వుతూనే సగంలో ఆగిపోయింది. ఏదో తట్టినట్టు తాత ముఖంలోకి చూసింది.

“మిగిలిన కథ చెప్పు,” అంది. అక్కడే వాగొడ్డున, మసక వెలుతురులో, పుస్తకం అవసరం లేకుండానే తాత మిగతాది చెప్పాడు.

జనవరిలో ఇంఫాల్‌లో గెలిచిన సరిత అదే ఏడాది నవంబరులో మళ్లీ భారత జట్టు రంగుల్లో కనిపించింది. వియత్నాంలోని హో చి మిన్ నగరంలో ఆసియా ఛాంపియన్‌షిప్. ఈసారి 64 కిలోల విభాగం. అక్కడ ఆమె గెలిచింది ఏమిటో తెలుసా? కాంస్యం. మూడేళ్ల కిందట పోడియం మీద వదిలేసిన అదే లోహం. 2019లో బ్యాంకాక్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లోనూ కాంస్యమే.

ఆ రెండు కంచు పతకాల మధ్య ఇంకో పరీక్ష ఉంది. 2018 నవంబరు, న్యూఢిల్లీ. పన్నెండేళ్ల కిందట ఆమె ప్రపంచ విజేత అయిన నగరంలోనే మళ్లీ ప్రపంచ పోటీలు. సరితకు ఎదురుగా ఐర్లాండ్ బాక్సర్ కెల్లీ హ్యారింగ్టన్. బౌటు అయిపోయింది. ఐదుగురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు సరిత అన్నారు, ముగ్గురు హ్యారింగ్టన్ అన్నారు. తీర్పు నచ్చలేదని సరిత ముఖమే చెప్పింది. కానీ ఇంచియాన్ మళ్లీ జరగలేదు. హ్యారింగ్టన్ ఆ పోటీల్లో స్వర్ణం గెలిచింది, ఆ తర్వాత టోక్యోలో, పారిస్‌లో రెండు సార్లు ఒలింపిక్ విజేత అయింది. అంతటి మనిషితో ఒక్క ఓటు తేడా దాకా పోరాడిన సంగతి సరిత పేరు పక్కన ఎప్పటికీ ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద మాట 2019 అక్టోబరులో వచ్చింది. ఐదేళ్ల కిందట సరితను నిషేధించిన అంతర్జాతీయ బాక్సింగ్ సంఘమే క్రీడాకారుల కమిషన్ ఒకటి ఏర్పాటు చేసింది. రింగ్‌లోకి దిగేవాళ్ల కష్టసుఖాలు సంఘం పెద్దల చెవిన వేసే కమిషన్ అది. అందులో ఆసియా తరఫున ఎన్నికైంది ఎవరనుకున్నావు? సరితా దేవి. ఏ గడప బయట నిలబెట్టారో ఆ గడప లోపలికే పిలిచి కూర్చోబెట్టారు.

ఇప్పుడు మణిపుర్‌లో ఆమె అకాడమీలో పిల్లలు గ్లోవ్స్ కట్టుకుంటున్నారు. 2006లో ఆమె గెలిచిన 52 కిలోల ప్రపంచ స్వర్ణాన్నే 2022లో ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ గెలిచింది.

“నీ గోడ మీద బొమ్మ ఉన్నదే, ఆమె గెలిచిన బరువు, ఈమె గెలిచిన బరువు ఒక్కటే బిడ్డా. మధ్యల పదహారేండ్లు.”

వాగు చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు కాసేపు. తర్వాత పిల్ల మెల్లగా అడిగింది.

“అయితే తాతా, ఇంఫాల్‌ల ఆ రాత్రి లేకుంటే ఆమె తిరిగి వచ్చునా?”

“అది నేనెట్ల చెప్త? ఆమె మనసుల ఏమున్నదో ఆమెకే ఎరిక. నేను సూసింది చెప్త. ఈ ఒడ్డున ఉన్నప్పుడు, చేతికొచ్చిన కంచును వద్దని పోయింది. ఆ ఒడ్డున, అదే కంచును తలవంచి మెడల ఏయించుకున్నది. రెంటి నడుమ ఒక రాత్రి ఉన్నది. తన జనం ముంగట, ఏ అనుమానం లేకుంట, తన చెయ్యి పైకి లేసిన రాత్రి. దుంగ చిన్నదే. దాటిన వాగు మాత్రం చిన్నది కాదు.”

చీకటి పడ్డాక ఇద్దరూ ఇంటికొచ్చారు. పిల్ల నేరుగా కొట్టంలోకి పోయింది. గడ్డి తీసి, పతకం వెతికి, పైటకు తుడిచింది. గోడకు వేలాడదీయలేదు, దేవుడి దగ్గరా పెట్టలేదు. తాత లెక్కల పుస్తకం తెరిచి, సరిత కటింగులున్న రెండు పేజీల మధ్య దాన్ని పెట్టి మూసింది.

“ఎందుకట్ల?”

“గుర్తు కోసం. కథ ఏడ ఆగిందో తెల్వాలె గదా.”

మర్నాడు తెల్లవారకముందే దండెం మీద ఆరేసిన చేతి పట్టీలు కనిపించలేదు. మంచులో, వాగు మీద దుంగ ఒక్కసారి చిన్నగా కిర్రుమంది.

నీతి

అన్యాయం జరిగినప్పుడు కోపం రావడం తప్పు కాదు. ఆ కోపం ఎవరి మీదికి పోతోందో చూసుకోకపోవడం తప్పు. తీర్పు చెప్పినవాడి మీద కోపం తోటి పోటీదారు మెడలో పడకూడదు. అంతకన్నా ముఖ్యం, ఆ కోపం మనల్నే మన ఆట నుంచి వెళ్లగొట్టకూడదు. మనల్ని ఓడించినవాళ్లు తీసుకుపోయేది ఒక పతకం. ఆట మనమే వదిలేస్తే, వాళ్లు అడగనిది కూడా మనమే ఇచ్చేసినట్టు.

ఇక పొట్టి ప్రయాణాల సంగతి. ఒక మనిషి ఒక బాటలో ఎంతకాలం ఉన్నాడనేది లోకం వేసే లెక్క. ఏడాది నిండని పనిని, ఒక గెలుపుతో ఆగిన ఆటను, మధ్యలో వదిలిన కొలువును మనం వైఫల్యాల గంపలో పడేస్తాం. ఆడవాళ్ల విషయంలో ఈ తొందర మరీ ఎక్కువ. పెళ్లికీ బిడ్డకూ నిషేధానికీ నడుమ దొరికిన సందులోంచి ఆమె ఏం సాధించిందో చూడం, ఎందుకు ఆపేసిందని మాత్రం అడుగుతాం. సరితా దేవి ప్రొఫెషనల్ ప్రయాణాన్ని ఆ లెక్కతో కొలిస్తే మిగిలేది ఒక చిన్న అంకె. ఆ ప్రయాణానికి ముందు ఆమె ఎక్కడ ఉంది, తర్వాత ఎక్కడ నిలబడింది అని చూస్తే, తిరస్కరించిన కంచుకూ స్వీకరించిన కంచుకూ మధ్య ఉన్న దూరమంతా కనిపిస్తుంది.

జీవితంలో కొన్ని పనులు ఇళ్లు, వాటిలో కాపురం ఉండాలి. కొన్ని పనులు దుంగలు, వాటిని దాటాలి. దుంగ మీద ఎంతసేపు ఉన్నావని దాన్ని వేసినవాడు కూడా అడగడు. అవతలి ఒడ్డుకు చేరావా అనే అడుగుతాడు.